చెప్పుల క్లాసు

ప్రైమరీ స్కూల్ ఇంగ్లీషు టీచరు పరీక్ష కోసం ఆ ఇంటి కోడలు చదవని పుస్తకం లేదు. డెమో క్లాసులో మాత్రం నలుగుర్ని చూస్తే గొంతు పెగలదు. వయసు లెక్కన ఇదే ఆఖరి ఛాన్సు. అందుకే రోజూ గుమ్మం దగ్గర చెప్పుల్ని వరసగా కూర్చోబెట్టి, హాజరు పిలిచి మరీ పాఠం చెప్తుంది. తడిసొచ్చే బాత్రూం చెప్పులకి రోజూ చివాట్లే. ఇవాళ మామగారు వాకింగుకి బయల్దేరి, "అమ్మాయ్, నా చెప్పులు" అన్నాడు.

"క్లాసు మధ్యలో పంపను మావయ్యా. లీవ్ లెటర్ రాయండి, ఇంగ్లీషులో."

"నా ఖర్మ!" అని గొణుక్కుంటూనే రాసిచ్చాడు. ఆవిడ ఎర్రపెన్నుతో పదకొండు తప్పులు దిద్ది, ఒక్కోటీ ఎందుకు తప్పో ఆయన మొహంలోకే చూస్తూ గడగడా చెప్పేసింది. ఆయన చెప్పుల పక్కనే చతికిలబడ్డాడు.

"వాకింగుకి వెళ్లరా?"

"ఇన్ని తప్పులుంటే లీవెలా ఇస్తారు మేడం? పాఠం చెప్పండి."