మార్కాపురం బస్సెక్కిన పిడుగురాయి

మీరు మొక్కే రాయిని ఎప్పుడైనా వెనక్కి తిప్పి చూశారా? కుంకుమ పెట్టిన వైపు కాదు, గోడకు ఆనించిన వైపు. వేలితో తడిమి, దీన్ని ఇంత నున్నగా ఎవరు చేసి ఉంటారని ఒక్కసారైనా అడిగారా? అడగకపోతే ఒక్క మీ తప్పే అనను. నా చిన్నప్పుడు మా ఇంటి గూట్లో అలాంటి రాయి ఒకటి ఉండేది. మా జేజి, అంటే మా నాయన తల్లి, కాపురానికి వచ్చిన నాటి నుంచి దాన్ని కడుగుతూనే ఉంది. ఆమె కూడా అడగలేదు.

మాది మార్కాపురానికీ పుల్లలచెరువుకూ మధ్య, వాన పడితే పంట, లేకపోతే మేకలు అన్నట్టు బతికే ఊరు. ఆ రాయి నల్లగా, అరచేతికి కొంచెం పెద్దదిగా ఉండేది. ఒక కొన మొండి, ఇంకో కొన సన్నం. దాన్ని పిడుగురాయి అనేవారు. ఉరుములు మెరుపులతో పెద్ద వాన కురిసిన మర్నాడు మా జేజి అత్తగారికి చేలో దొరికిందట. పిడుగు పడి నేలలో దిగబడిందని ఊరంతా నమ్మింది. మేకకు రోగం వచ్చినా, పిల్లలకు జ్వరం వచ్చినా ఆ రాయిని ముంతలో ముంచి, ఆ నీళ్ళు తాగించేవారు. కడిగే హక్కు మా ఇంటి కోడళ్ళది. మగవాళ్ళు ముట్టకూడదు. మా జేజి దానికి ఒక్క పైసా తీసుకునేది కాదు. ఆ గౌరవం మాత్రం ఆమె నడకలో కనిపించేది.

ఒక ఎండాకాలం ఏదో యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చాడు. ఊళ్ళో వాళ్ళు ఆయనకు రాళ్ళ సారు అని పేరు పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేల గట్ల వెంట వంగి నడిచేవాడు. నిధి కోసం వచ్చాడని కొందరు, మతి లేనివాడని కొందరు అనుకున్నారు. మా జేజి అయితే ఎదురుగానే అడిగింది.

"ఏంది సారూ, నేల చెవిలో ఏమన్నా చెప్తాండావా?"

"లేదమ్మా. అది చెప్తా ఉంటే వింటున్నా" అన్నాడాయన.

ఆ జవాబుకు జేజి నవ్వి మజ్జిగ ఇచ్చింది. మజ్జిగ తాగుతూ ఆయన గూట్లో రాయిని చూశాడు. చెయ్యి చాచబోయి, జేజి ముఖం చూసి వెనక్కి తీసుకున్నాడు. ముట్టకుండానే, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది అని మాత్రం అడిగాడు. జేజి పిడుగు కథ చెప్పింది. ఆయన వెక్కిరించలేదు. ఆ రోజు పిడుగు నిజంగానే పడి ఉండవచ్చు అన్నాడు. కానీ పెద్ద వాన పడితే చేలో పైమన్ను కొట్టుకుపోతుంది, కింద ఎప్పటి నుంచో ఉన్న రాయి బయటపడుతుంది, మనిషి కంటికి వానా రాయీ ఒకే పొద్దున కనిపిస్తాయి, అన్నాడు. ఇది గొడ్డలి అన్నాడు. ఇనుము తెలియని కాలంలో మనలాంటి మనుషులే నూరుకున్న గొడ్డలి.

జేజికి కోపం వచ్చింది. మా దేవుణ్ణి పనిముట్టు అంటావా అంది. ఆయన వాదించకుండా, మేకలు తోలుకుని వాగు వైపు పోయినప్పుడు బండ మీది గుంతలు చూడమన్నాడు. ఆ బండ మాకు తెలుసు. దాని మీద పడవల్లా పొడుగ్గా, నున్నగా గుంతలు ఉండేవి. భీముడు మోకాళ్ళూని నీళ్ళు తాగిన గుర్తులని చెప్పేవారు. మర్నాడు జేజి రాయిని కొంగులో కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పోయింది. ఎవరూ చూడటం లేదని అటూ ఇటూ చూసి, సన్నటి కొనను ఒక గుంతలో పెట్టి ముందుకు వెనక్కు జరిపింది. కత్తి ఒరలో దిగినట్టు దిగింది. ఇంకో గుంతలో పెట్టింది. అందులోనూ అంతే.

"భీముడు మోకాళ్ళ మీద గొడ్డలి నూరినాడేమో" అన్నాన్నేను.

"నోర్మూసుకో పాపా" అంది. ఇంటికి వచ్చి రాయిని మళ్ళీ గూట్లో పెట్టింది. పెట్టే ముందు దాన్ని వెనక్కి తిప్పి చూడటం నాకు తెలిసి అదే మొదటిసారి.

మనసులో అనుమానం పుట్టినంత మాత్రాన చెయ్యి అలవాటు మానదు. కొన్నాళ్ళకు పక్కింటి అక్క కొడుక్కి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇంకా సరిగా నడక రాని బిడ్డ. పొద్దున వాళ్ళ అత్త ముంత తీసుకుని వస్తే జేజి ఎప్పటిలాగే రాయి ముంచి ఇచ్చింది. ఆ నీళ్ళు మా ఊరి కుంటవి. ఆ కుంటలోనే మేకలు దిగేవి. మధ్యాహ్నానికి బిడ్డ కళ్ళు లోపలికి పోయాయి. ఏడవటానికి కూడా ఓపిక లేదు. అక్క మార్కాపురం ఆస్పత్రికి తీసుకుపోదామని కాళ్ళావేళ్ళా పడుతోంది. అత్త ససేమిరా అంటోంది. సూది పొడిస్తే దేవుడికి కోపం వస్తుందని, రాయి నీళ్ళు ఇంకో ముంత ఇమ్మని పట్టుబట్టింది.

జేజి బిడ్డ పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వదిలింది. మేకపిల్లలకు అట్లాగే చూసేది. చర్మం వెనక్కి పోలేదు, ముడతలా నిలబడింది. ఆమె లేచి గూట్లోంచి రాయి తీసి, అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"బరువెక్కింది" అంది. "ఈడ కుదరదంటాంది. బిడ్డతో పాటు తన్నూ మార్కాపురం ఆస్పత్రికి తీస్కపొమ్మంటాంది."

అత్త అనుమానంగా చూసింది. "రాయికి మార్కాపురం ఎట్ల తెలుసు వదినా?"

"నీకు తెలిసింది దానికి తెలీదా?"

అంతే. రాయిని పసుపు గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టి బస్సెక్కాం. బిడ్డ అక్క ఒళ్ళో, బుట్ట జేజి ఒళ్ళో. కండక్టర్ బుట్టలోకి తొంగి చూసి, "అవ్వా, దేవుడికి టికెట్ కొట్టాల్నా?" అన్నాడు. ఒళ్ళో కూర్చున్నోళ్ళకు టికెట్ లేదని జేజి సమాధానం చెప్పింది. బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఆస్పత్రిలో బిడ్డ కాలికి సూది గుచ్చి సీసాతో నీళ్ళు ఎక్కించారు. ఏ నీళ్ళు తాగించారని డాక్టరమ్మ అడిగింది. జేజి తల దించుకుని, కుంటవి అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది, ఇప్పటికీ ఆ పట్టు తెలుస్తుంది నాకు. రాయి ఉన్న బుట్ట మంచం కింద, అందరి చెప్పుల పక్కన పడి ఉంది. బిడ్డ బతికాడు.

ఇక్కడితో ఆపితే మంచి కథే. ముసలామె తెలివితో మూఢనమ్మకాన్ని మూఢనమ్మకంతోనే జయించిందని మీరు మెచ్చుకుని పేజీ తిప్పేస్తారు. సభల్లో ఈ సంగతి ఇంతవరకే చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళను నేను చూశాను. కానీ అబద్ధం పని చేసి ఊరుకోదు. చేసిన పనికి పేరు కూడా తానే తీసుకుంటుంది.

కబురు మాకంటే ముందే చేరింది. మేము బస్సు దిగేసరికి ఊళ్ళో కొబ్బరికాయలు సిద్ధంగా ఉన్నాయి. ఆస్పత్రి పేరు ఎవరూ ఎత్తలేదు. పిడుగురాయి మార్కాపురం పోయి బిడ్డను గెలుచుకుని వచ్చిందన్నారు. డాక్టర్లు చేతులెత్తేస్తే రాయి మంచం కింద వెలుగు చిమ్మిందని అక్క వాళ్ళ అత్త చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ఆస్పత్రికి రానే లేదు. ఎవరో రాయికి వెండి కళ్ళు తెచ్చి లక్కతో అతికించారు. కళ్ళు పెట్టగానే రాయికి ముఖం వచ్చింది. ముఖం వచ్చాక దాన్ని తిప్పి చూసే ధైర్యం ఎవరికుంటుంది? దర్శి వైపు నుంచి కూడా జనం వచ్చారు. జేజి అందరికీ నీళ్ళు కాచి ఇచ్చేది, కారం తినొద్దనేది, ఆస్పత్రికి కూడా పోయి రమ్మనేది. వాళ్ళు తలూపి నీళ్ళు మాత్రం తాగి వెళ్ళిపోయేవారు. ఆమెకు అన్నం సయించడం మానేసింది. మంచం మీద కూర్చుంటే కాలు ఊపుతూనే ఉండేది. నాయన ఏమైందని అడిగితే మేకల మీద విసుక్కునేది.

ఒక పొద్దున అడవి అంచు పల్లె నుంచి ఒక తల్లి వచ్చింది. భుజం మీద నాలుగేళ్ళ పిల్లవాడు వేలాడుతున్నాడు. జేజి వాడి ఒళ్ళు ముట్టి చూసి, ఎట్లా వచ్చావని అడిగింది.

"మార్కాపురం బస్సే జేజీ. ఆస్పత్రికనే ఎక్కినా. బస్సులో వాళ్ళు మీ రాయి సంగతి చెప్తే ఈడ దిగేసినా."

నేను జీవితంలో ఎన్నో వాదనలు విన్నాను. దేవుడి మీద, శాస్త్రం మీద, గెలిచినవీ ఓడినవీ. ఆ మాటంత బలంగా తగిలిన వాదన ఇంకోటి లేదు. ఆస్పత్రికి పోతున్న బస్సులోంచి ఒక బిడ్డను మా జేజి అబద్ధం దించేసింది.

రెండో అబద్ధం ఆమె నాలుక చివరే ఉంది. రాయి మళ్ళీ బరువెక్కిందంటే చాలు, ఆ తల్లి తరవాతి బస్సెక్కేది. జేజి చెప్పలేదు. గూట్లోంచి రాయి తెచ్చి, చేరిన జనం ముందు వెండి కళ్ళు పీకి, ఇచ్చిన మనిషి చేతిలో పెట్టేసింది. మేకలకు ఆకుకొమ్మల రొట్ట కొట్టే గొడ్డలి కామును, అంటే కర్ర పిడిని, నాయన విరిగిపోయిందని మూల పడేశాడు. దాన్ని చీల్చి, చీలికలో రాయిని ఇరికించి, తోలు తాడుతో బిగించి కట్టింది. మేకల దొడ్డి మీదికి వాలిన తుమ్మకొమ్మ మీద వేటు వేసింది. మూడు నాలుగు వేట్లకు తొక్క లేచింది. ఇంకాసేపు కొట్టి, చేత్తో పట్టి విరిచేసింది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. మేకలకు మాత్రం ఏ అనుమానమూ రాలేదు. వచ్చి ఆకు తిన్నాయి.

"ఇది గొడ్డలి" అంది రొప్పుతూ. "రాయి బరువెక్కిందన్నది నేనే. రాయి అనలేదు."

అక్క వాళ్ళ అత్త గుప్పెడు మట్టి ఎత్తి జేజి మీద పోసింది. "ముసల్దానికి మతి పోయింది. రేపు పిడుగు నీ ఇంటి మీదే పడతాది."

"పడితే ఇంకో గొడ్డలి దొరుకుతాదేమో చూస్తాలే" అంది జేజి.

కానీ ఆ తల్లి కదల్లేదు. నా బిడ్డకే రాయి పలకదా అని కూలబడి ఏడ్చింది. నిజం చెప్పినందుకు ఆ బిడ్డ అక్కడే పోతాడేమోనని జేజి ముఖంలో భయం చూశాను. ఏ పుస్తకమూ ఆ భయాన్ని తీర్చలేదు. తీర్చింది పక్కింటి అక్క. అత్త ముందు ఎప్పుడూ గొంతెత్తనిది, తన కొడుకును చంకనెత్తుకుని ముందుకు వచ్చింది.

"నేను చూసినా వదినా. వీనికి కాలికి సూది గుచ్చినారు, సీసా నీళ్ళు ఎక్కించినారు. రాయి మంచం కింద చెప్పుల పక్కన ఉండె. దానికి వీని ముఖం కూడా కనపల్లేదు. లెయ్యి, నేనొస్తా నీతో."

లేపి, రోడ్డు దాకా నడిపించి, ఇద్దరూ బస్సెక్కారు. మర్నాడు అక్క తిరిగి వచ్చి, తాను బయలుదేరే వేళకు పిల్లవాడు కళ్ళు తెరిచి అమ్మా అన్నాడని చెప్పింది. ఆ తర్వాత వాళ్ళ సంగతి మాకు తెలియదు. జేజి బతికినంత కాలం ఆ పల్లె వైపు నుంచి ఎవరు వచ్చినా అడుగుతూనే ఉంది.

రాళ్ళ సారు మళ్ళీ వచ్చినప్పుడు జేజి గొడ్డలిని ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు తిప్పి చూసి ఒక మాట అన్నాడు. తెగాలంటే అంచు ఒక్కటి నూరితే చాలు. దీన్ని చేసినవాడు ఒళ్ళంతా నూరాడు. పనికోసం కాదు, చూడ్డానికి బాగుండాలని. జేజి రాయి వీపు మీద బొటనవేలు రాసి, "మొక్కాలంటే వీనికి మొక్కాల" అంది. తవ్వకాల శాస్త్రం మన మతాన్ని ఏం చేస్తుందని అడిగేవాళ్ళకు నేను ఇంతకంటే జవాబు చెప్పలేను. అది భక్తిని చంపదు. మొక్కు ఎవరికి చేరాలో చిరునామా సరిచేస్తుంది. పిడుగుకు కట్టబెట్టిన అందాన్ని ఒక మనిషి చేతికి తిరిగి ఇస్తుంది.

ఇప్పుడు మా వైపు గుట్టల మీద పాతకాలపు రాతి సమాధుల్ని జేసీబీలతో పెకలిస్తున్నారు, కొందరు నిధుల కోసం, కొందరు రాత్రికి రాత్రే వెలిసే గుళ్ళ కోసం. వాట్సాప్‌లో రాళ్ళు పాలు తాగుతున్నాయి, క్యాన్సర్లు తగ్గిస్తున్నాయి. నాకు స్థిమితం లేదు. జేజి దగ్గర నుంచి నాకు వచ్చిన ఆస్తి ఆ స్థిమితం లేకపోవడమే. అబద్ధం ఒక ప్రాణం కాపాడినా ఆమె అన్నం మింగలేకపోయింది. నేనూ మింగలేను.

మీరూ అలాంటి అబద్ధాన్ని మింగకండి. మీ పక్కింట్లో జబ్బుపడ్డ బిడ్డకు ఎవరైనా తాయెత్తు కడుతుంటే అక్కడ నిలబడి ఉపన్యాసం ఇవ్వకండి. బండి తీయండి, బిడ్డను ఆస్పత్రికి చేర్చండి. తాయెత్తు కూడా రానివ్వండి, అడ్డుపడకండి. కానీ బిడ్డ కళ్ళు తెరిచాక, కొబ్బరికాయ పగలకముందే, ఏ మందు వేశారో ఎవరు వేశారో నలుగురిలో గట్టిగా చెప్పండి. ఊరు మట్టి పోసినా చెప్పండి. ఇంకో తల్లి ఇప్పటికే బస్సులో కూర్చుని ఉంది. ఆమెను దిగనివ్వకండి.