ప్రాణహాని లేని దరఖాస్తు

ప్రైవేటువాళ్లూ తుపాకులు తయారుచేసుకునేలా కొత్త ఆయుధ నిబంధనలు వచ్చిన మరుసటి వేసవిలో నన్ను పంజాగుట్టలో ఒక అద్దె మేడ మీదున్న పరిశ్రమల అనుమతుల విభాగానికి డిప్యూటీ డైరెక్టర్‌గా వేశారు. పెట్టుబడిదారులను ఆహ్వానించడం నా బాధ్యత అని ఉత్తర్వులో ఉంది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టాలని మాత్రం ఎక్కడా లేదు.

మొదటి ఫైలు యాదగిరిది. అమీర్‌పేట వెనక సందుల్లో ఆయనకు లేత్ వర్క్‌షాపు ఉంది. పంపు షాఫ్టుల ఆర్డర్లు పడిపోయాయి. పోటీల్లో వాడే రైఫిళ్లు తయారుచేస్తే తప్ప పద్నాలుగు మంది పనివాళ్లను నిలుపుకోలేనని రాసుకున్నాడు. తయారీ లైసెన్సు ఇచ్చేది కేంద్రమే అయినా, ముందు స్థానిక పోలీసు నివేదిక కావాలి.

అక్కడి పోలీసు స్టేషన్లో ఉన్న ఫారం ఒక్కటే, ఆత్మరక్షణకు తుపాకీ అడిగేవాళ్లది. అందులో ‘ప్రాణహాని ఉందా?’ అన్న గడిలో యాదగిరి నిజాయితీగా ‘లేదు’ అని నింపాడు. ప్రాణహాని లేదు గనుక తుపాకీ అవసరం లేదు, సిఫారసు చేయడం లేదు అని నివేదిక వచ్చింది. అంత తిరుగులేని తర్కం నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

“నేను తుపాకి కొంటలేను సార్, తయారు జేస్తనంటున్న. జర మీరొక్క ఫోన్ జెయ్యున్రి,” అన్నాడు యాదగిరి.

చెయ్యొచ్చు. కానీ తుపాకుల ఫైల్లో చొరవ చూపిన అధికారిని ఎందుకు చూపావని అడుగుతారు. చూపనివాణ్ని ఎవరూ ఏమీ అడగరు. ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి అదే స్టేషనుకు తిప్పి పంపాను. అదే జవాబు, మరింత మర్యాదగా వచ్చింది.

యాదగిరి పొరుగు రాష్ట్రంలో షెడ్డు, ఇల్లు అద్దెకు తీసుకుని మళ్లీ దరఖాస్తు పెట్టాడు. అక్కడి పోలీసు అధికారి గోడలు, తాళాలు, ఆయుధాలు భద్రపరిచే గది చూశాడు. ప్రాణహాని సంగతి అడగలేదు. లైసెన్సు వచ్చింది.

పోయేముందు చెప్పడానికి వచ్చాడు. “ఆరుగురే వస్తున్నరు సార్. మిగిలినోళ్ల పిల్లల సదువులు ఈడనే గదా. వేరే పని సూస్కోమని చెప్పిన.”

నాకు సిగ్గేసింది. కుర్చీ చూపించాను. ఆయన కూర్చోలేదు.

పరిశ్రమ తరలిపోవడానికి కారణం తెలపమని పైనుంచి మెమో వచ్చింది. ‘అక్కడ రవాణా సౌకర్యాలు మెరుగు’ అని రాసి సంతకం పెట్టాను. రోడ్ల పరిస్థితి పరిశీలించడానికి వెంటనే ఒక కమిటీ వేశారు.

నేను నేర్చుకున్నది ఇంతే. ఆయుధ చట్టం దేశమంతటికీ ఒకటే. ఫ్యాక్టరీ ఏ ఊళ్లో వెలుస్తుందన్నది దాన్ని చదివే అధికారిని బట్టి ఉంటుంది. యాదగిరి ఫైలు చదివింది నేను.