అత్త ఇల్లు తేలిన వేసవి

పోయిన నెల బడిలో నాతో పనిచేసే వాళ్లమంతా కలిసి కృష్ణ ఒడ్డుకు పోయి వచ్చాం. మా పాలమూరుకు సముద్రం లేదు గానీ, డ్యాం కట్టినప్పటి నుంచి దాని వెనుక కొల్లాపూర్ దిక్కు నిలిచిన నీళ్లను చూస్తే ఆ లోటు తెలియదు. అవతలి కొండలు పొగలాగా కనిపిస్తాయి. ఇప్పుడక్కడ రంగురంగుల పడవలు, వేపిన చేపలు అమ్మే బండ్లు, ఆదివారమైతే హైదరాబాదు కార్లు. ఒక చాయ్ హోటలతను నీళ్లలో మునిగిపోయిన ఊళ్ల పాత ఫోటోలు సంపాదించి, పెద్దవి చేయించి గోడ నిండా తగిలించాడు. పిల్లలు వాటి ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. వాళ్ల భుజాల మీదుగా చూస్తే ఒక ఫోటోలో మా మేనత్త కనిపించింది. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి దగ్గరికి పోయాను.

ఊరు మునగక ముందు అధికారులు వచ్చి ఒక్కొక్క కుటుంబాన్ని ఇంటి ముందు నిలబెట్టి తీసిన ఫోటోల్లో అదొకటి. ఇంటి నంబరు రాసిన పలకను మామ తలకిందులుగా పట్టుకున్నాడు. పక్కన అత్త, పాతికేళ్ల మనిషి. అందరూ కెమెరాను చూస్తుంటే ఆమె మాత్రం ఇంటి మూల దిక్కు, అక్కడున్న రోలు దిక్కు చూస్తున్నది. దాని నకలొకటి అత్త బట్టల పెట్టెలో కూడా ఉండేది. మామ పోయిన తర్వాత ఆయనదని మిగిలిన ఫోటో అదొక్కటే.

అమ్మ లేని నన్ను పెంచింది అత్తే. ఆమెకు పిల్లలు లేరు. ఊరు మునిగాక కల్వకుర్తి దగ్గరికి వచ్చి అత్తా మామా మేకలు సాదుకున్నారు. తోడేలు వచ్చిందంటే కట్టె పట్టుకొని ఎదురుపోయే మనిషి, బల్లి కనబడితే మాత్రం మంచమెక్కి కేకలు పెట్టేది. ఆ కేకలకు మామ పరుగెత్తుకొచ్చి, ముందు నవ్వి, తర్వాత బల్లిని తోలేవాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో వానలు సరిగా లేని ఒక ఏడు, ఎండాకాలంలో నీళ్లు బాగా లోపలికి పోయి పాత ఊరు బయటపడిందని కబురొచ్చింది. అత్త రెండు పూటలు అన్నం సరిగా తినలేదు.

"నన్నొక్కసారి తోలుకపో బిడ్డా. మా ఇంటి జాగ చూసొస్త."

"మొండి గోడలు తప్ప ఏముంటయ్ అత్తా?"

"నాకున్నయ్ తియ్."

ఒడ్డున నీలం పట్టాల గుడిసెల్లో, ఎప్పుడో సముద్రం దిక్కు నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడిన వాళ్లుంటారు. వలలు ఆరేసి, ఇసుక మీద చేపలు ఎండబోసి, సముద్రపు ఊరినే తెచ్చి అక్కడ దించినట్టుంటుంది. వాళ్లలో ఒక మొగుడూ పెళ్లాలు మమ్మల్ని పడవలో తీసుకుపోతామన్నారు. ఆమె చెయ్యి అందించి, "మామ్మగారూ, జాగ్రత్తగా ఎక్కండి" అన్నది. అత్త నా చెవిలో, "గీమె నన్ను గారు అంటాంది. నేనేమన్న తాసిల్దారునా?" అని నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం మళ్లీ చూడలేదు.

నడిమధ్యకు పోయాక పడవతను ఇంజను ఆపేశాడు. కింద గోడలున్నాయట, తగిలితే పడవ పగులుతుందట. వెదురు గడతో నెడుతుంటే నీళ్ల కింద రాయి గీరుకున్న చప్పుడు నా అరికాళ్లకు తెలిసింది. మనుషులు తిరిగిన ఇండ్ల మీద నుంచి పోతున్నామని తలుచుకొని కాళ్లు పైకి ముడుచుకున్నాను.

ఊరు తేలిన చోట బురద ఎండి పెంకుల్లాగా పగిలి ఉంది. అత్త చేతిలో ఫోటో పట్టుకొని మొండి గోడలను పోల్చి చూస్తూ, ఒక్కసారి "గదే! రోలు!" అని పడవ ఆగకముందే దిగింది.

"అటు పోకండి! పైన ఎండింది గానీ కిందంతా ఊబే!" అని అతను అరిచాడు.

కొంత దూరం నడిచింది. తర్వాత మోకాలి దాకా దిగబడింది. కాలు లాక్కోబోతే రెండో కాలూ దిగింది. నేను దూకబోయాను. అతని భార్య నా జడ పట్టి వెనక్కి గుంజింది. "మీరూ దిగితే ఇద్దరూ పోతారు!"

బురద అత్త నడుము దాకా వచ్చింది. ఆమె అరవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. రోలు దిక్కు ఒరిగి, రెండు చేతులతో బురదను తడుముతున్నది. ఒరిగిన కొద్దీ దిగబడుతున్నది.

"ఎనకకు ఒరుగు అత్తా!"

"బిడ్డ ఆడున్నది."

"నేనీడనే ఉన్న!"

"నువ్వు గాదు. నా బిడ్డ. పేరు పెట్టకముందే పోయింది. రోలు పక్కన్నే మన్నుల పెట్టినం."

ఇన్నేండ్లలో ఆమె గానీ మామ గానీ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మొగుడూ పెళ్లాలు పడవలోని పలకలు ఊడదీసి బురద మీద పరిచారు. అతను పలక మీద బోర్లా పడుకొని ఆమె చంకల కింద తాడు వేశాడు. నేను ఇంకో పలక మీద పాకుతూ పోయి ఆమె చెయ్యి దొరకబుచ్చుకున్నాను. తాడు గుంజినా ఆమె రావడం లేదు. అప్పటికి బురద రొమ్ము దాకా వచ్చింది. ఆమె నన్ను చూడనే లేదు.

"అత్తా, నాకెవరున్నరే? ఇటు జూడు!"

చాలాసేపటికి తల తిప్పింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టినట్టనిపించింది. తర్వాత మెల్లగా వెనక్కి ఒరిగింది. అప్పుడు గాని ఊబి వదలలేదు. కాళ్ల కడియాలు, ఫోటో అక్కడే పోయాయి.

ఒడ్డుకొచ్చాక అతని భార్య ఆమె కాళ్లు కడిగి తన చీర కట్టించింది. అత్త నీళ్ల దిక్కు వీపు పెట్టి కూర్చున్నది. ఏదో ఒకటి మాట్లాడించాలని, "ఏం పేరు పెడదామనుకున్నరు అత్తా?" అని అడిగాను.

"నీ పేరే. నువ్వు పుట్టినంక నీకు పెట్టిన గద."

ఎండ మండిపోతున్నా కొంగు భుజాల నిండా కప్పుకున్నాను.

ఆ తర్వాత నాలుగైదేండ్లకు, ఇంట్లో మంచం మీదే, అత్త ప్రశాంతంగా పోయింది. నాకూ ఇప్పుడు యాభై దగ్గరపడుతున్నాయి. ఇప్పటికీ బడిలో ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే, ఒక్కోసారి పలకడానికి ముందు, పిలిచింది నన్నేనా అని ఒక క్షణం ఆగిపోతాను. ఏండ్లు గడిస్తే భయం పాతబడుతుందనుకున్నాను. నాది మాత్రం నాతో పాటే వయసు పెంచుకుంటూ వస్తున్నది.