దులారీ అంటే ఏంది తాతా?

వలలు అల్లే నారయ్యకు ఎవరైనా పేరు చెబితే చాలు, అర్థం చెప్పకుండా వదిలేవాడు కాదు. ఎప్పుడో ఒక దొర మూటలు మోస్తూ కాశీకి పోయి ఆరు నెలలున్నాడట. ఆ ఆరు నెలల హిందీతోనే ఇబ్రహీంపట్నాన్ని ఏలాడు. చెరువుకట్ట మీద రజాకార్లు ఆపితే, వాళ్ల పేర్లే అడిగి, అన్నిటికీ "శూరుడు" అని అర్థం చెప్పి, చేపల గంపతో సహా బయటపడ్డాడు.

గోపయ్య నాలుగో ఆడబిడ్డకు ఊళ్లో ఎవరికీ లేని దులారీ అనే పేరు పెట్టించింది ఆయనే. దాని అర్థం తెలుసుకోవాలని ఆ పిల్లకు ఒకటే ఆరాటం.

"దులారీ అంటే ఏంది తాతా?"

"అన్నం కింద పడెయ్యనిది."

అప్పుడామె అన్నం తింటోంది. బడిలో చేరిననాడు అది "పలక పగలగొట్టనిది" అయింది. జ్వరమొస్తే "కషాయం ఉమ్మెయ్యనిది".

రజాకార్ల భయానికి నాలుగో తరగతిలోనే బడి మానిపించారు. ఏడుస్తూ పోయి మళ్లీ అడిగింది.

"ఇంట్ల కూసున్నా అన్నీ చూసి నేర్చుకునేది, బిడ్డా."

ఎన్నడూ నోరెత్తని పిల్ల నలుగురి ముందు అరిచింది. "నీకు హిందీ రాదు! అన్నీ అబద్ధాలే!"

"అవ్ బిడ్డా, జర తక్కువనే వస్తది," అన్నాడు నారయ్య. మళ్లీ ఆమె పేరు ఊసెత్తలేదు. ఆమె కూడా అటు పోలేదు. రేపు పోదాం, మాపు పోదాం అనుకుంటుండగానే చలిజ్వరం ఆయనను తీసుకుపోయింది.

పోలీసు చర్యకు వచ్చిన పటాలం చెరువు దగ్గర ఆగింది. వాళ్లకు కడవతో నీళ్లు పోస్తున్న దులారీని ఒక సిపాయి పేరడిగాడు. విని నవ్వాడు. తన బిడ్డ పేరూ అదేనట. దులార్ అంటే గారాబం, దులారీ అంటే గారాల బిడ్డ. ఉర్దూ బడిలో చదివిన నాలుగు తరగతులు ఆ మాట అర్థం కావడానికి పనికొచ్చాయి.

ఇంటికి ఉరికి నాయనమ్మ సిద్దమ్మకు చెప్పింది.

"గారాల బిడ్డనా? ముందల మగపిల్లగాడు పుడ్తడని అర్థమన్నడు గదనే గా నారయ్య! గందుకే ఒప్పుకున్న. లేకుంటే, ఆడపిల్లలు ఇగ చాలని నీకు చాలమ్మ అని పెడ్తుంటి."

"మరి చెల్లె పుట్టింది గదవ్వా?"

"అడిగిన. 'ఎప్పుడు పుడ్తడో నేను చెప్పిన్నా' అన్నడు."

దులారీ పకపకా నవ్వింది. నవ్వుతూనే, సగం అల్లిన వల ఇంకా వేలాడుతున్న నారయ్య గుడిసె వైపు చూసింది. ఇప్పుడు పోయి ఎవరికి చెప్పాలి?

నెల తిరక్కుండానే పక్కింటి రుక్కమ్మకు నాలుగో ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టేనాడు ఆమె అత్త సంతోషమ్మ, "ఇగ చాలమ్మ అందాం," అంది.

మూలన నిలబడ్డ దులారీ ముందుకొచ్చింది. "రోష్నీ అని పెట్టుండ్రి."

"అంటే ఏందే?"

"ముందల మగపిల్లగాడు పుడ్తడని."

"నీకెవలు చెప్పిండ్రు?"

"నారయ్య తాత."

పక్కనే కూర్చున్న సిద్దమ్మ గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.