పోలండ్ మీద నా ఏడుపు

మనుషుల మీద ఏడవడం అందరికీ అలవాటే. నేను ఒక దేశం మీద ఏడ్చాను. పోలండ్ మీద.

కంప్యూటర్లకి వైటూకే గండం గడిచి, తెలుగు కుర్రాళ్ళు దొరికిన విమానమెక్కి సిడ్నీలో దిగుతున్న రోజులవి. సిడ్నీ శివారు పారమట్టాలోని మా కంపెనీ విదేశంలో పెట్టుబడి పెట్టి ఒక సాఫ్ట్‌వేర్ సెంటరు తెరవాలనుకుంది. హైదరాబాదా, పోలండ్ రాజధాని వార్సానా? హైదరాబాద్ రిపోర్టు నాకిచ్చారు. వార్సా రిపోర్టు నా పక్క సీటులోని పోలండ్ అతనికిచ్చారు. ఏ ఊరు గెలిస్తే ఆ రిపోర్టు రాసినవాడే అక్కడ మేనేజరు. ఆ కుర్చీ నాకు కావాలి. ఎంతగా అంటే, ఏమీ తేలకముందే పక్కనే టూంగాబీలో ఒక ఆదివారం తెలుగువాళ్ళ భోజనాల దగ్గర, మేనేజరు పోస్టు మా ఆయనకేనని మా ఆవిడ నోరు జారితే నేను వారించలేదు. "కంగ్రాట్స్ అన్నా, మావాడికి కూడా నీ ఆఫీస్‌లో ఒక సీటు చూడు" అంటూ అందరూ షేక్‌హ్యాండ్లిచ్చారు.

పోలండ్ గొప్పల్లా ఒకటే. అది ఐరోపా కూటమిలో, అదే యూరోపియన్ యూనియన్‌లో, చేరబోతోంది. ఇంకా చేరనైనా లేదు! పెద్దింటి సంబంధం ఖాయమైందనగానే కొట్టువాళ్ళు పిలిచి మరీ అరువిచ్చినట్టు, ఆ ఒక్క మాటకే ఎక్కడెక్కడి కంపెనీలూ వెళ్ళి అక్కడ ఫ్యాక్టరీలు పెడుతున్నాయి. నాకు కడుపు మండిపోయేది.

అతని ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒక మధ్యాహ్నం తన రిపోర్టు తెచ్చి, కాస్త భాష దిద్దిపెట్టమన్నాడు. నాలుగు కామాలు పెట్టి ఇచ్చెయ్యాల్సింది. కానీ గుంటూరులో నాలుగేళ్ళు పై ఆఫీసరుకి డ్రాఫ్టులు రాసినవాణ్ణి. తప్పుల కాయితం కనబడితే నా చెయ్యి ఊరుకోదు. పైగా అతనికంటే నాకే బాగా వచ్చని చూపించుకోవాలి. పేజీ పేజీ తిరగరాశాను. ముగింపు చప్పగా ఉందని సొంతంగా ఒక వాక్యం కూడా తగిలించాను: "ఇక్కడ ఒక్క తలుపు తెరిస్తే చాలు, రేపు కూటమిలోని ఇళ్ళన్నిటి తలుపులూ మనకి తెరుచుకుంటాయి."

మీటింగులో బాస్ ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివాడు. మనం వెతుకుతున్నది ఇదేనన్నాడు. అది నాదని ఎలా చెప్పను? వార్సా గెలిచింది.

ఇంటికొచ్చి జరిగిందంతా మా ఆవిడకి చెప్పాను.

"మీ రిపోర్ట్‌లో అలాంటి లైన్ ఒక్కటి రాసుకోలేకపోయారా అండీ? ఇప్పుడు టూంగాబీ ఆంటీవాళ్ళకి నేనేం చెప్పను?" అంది.

నిజమే, రాసుకోలేదు. నా రిపోర్టులో హైదరాబాద్ గురించి, పై అధికారికి అర్జీ పెట్టుకున్నట్టు, దయచేసి పరిశీలించగలరని రాశాను. గుంటూరు ఆఫీసులో నేర్చిన వినయమంతా మన హైదరాబాద్‌కి వాడి, ధీమా అంతా పోలండ్‌కి ఇచ్చేశాను.

మర్నాడు అతను మళ్ళీ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. మేనేజరు ఉద్యోగానికి ఒప్పుకుంటున్నట్టు ఉత్తరం ఇవ్వాలట, కాస్త రాసిపెట్టమన్నాడు. ఒళ్ళు మండింది. పొమ్మనాలనిపించింది. కాయితం లాక్కుని, ఒక్క తప్పు దొర్లకుండా రాశాను. చివర సంతకం దగ్గరికొచ్చేసరికి నా పేరే రాయబోయాను. చెయ్యి ఆపుకుని, పెన్ను అతనికిచ్చాను.