వేళ్ళు పైకున్న టోపీ

ఎర్విన్ జాండర్ ఎంగిలిచేత్తో కాకిని తోలడని నోయ్‌తాల్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఆ ఊళ్ళో అది నింద కాదు, మెచ్చుకోలు. తాతముత్తాతలు జర్మనీ నుంచి ఓడల్లో ఆస్ట్రేలియా వచ్చి స్థిరపడగా, లూథరన్ చర్చి గంట వింటూ పెరిగిన ఆ ద్రాక్ష రైతులు ఏదీ ఊరికే పారేయరు. తెగిన తాడుకి ముడేస్తారు, దోసకాయల ఊరగాయ అయిపోతే జాడీ అడుగున మిగిలిన పుల్లనీళ్ళలో ఇంకో వాయి దోసకాయలు వేస్తారు. అయినా ఎర్విన్ పక్కన నిలబడితే వాళ్ళంతా దుబారా మనుషుల్లాగే కనిపిస్తారు. తనని తిట్టడానికి కుట్టిన టోపీని కూడా అతను పారేయలేదు మరి. గుడ్డ గట్టిది, ఊరికే వచ్చింది. ముప్ఫై ఏళ్ళు దాటినా నెత్తిమీద అదే.

ఆ తిట్టు కుట్టింది అతని భార్య ఎల్సాకి అక్క, హుల్డా. ద్రాక్షపళ్ళని అడిగే దిక్కులేని ఒక చెడ్డ ఏడు, పాత తోటలు పీకేసినవాళ్ళకి పరిహారం ఇస్తామంది ప్రభుత్వం. ఊరు ఊరంతా వరసకట్టింది. వరసలో ముందు నిలబడింది ఎర్విన్. ముత్తాత నాటిన మొదళ్ళవి, ఒక్కొక్కటీ మనిషి నడుమంత లావున ఉండేవి. వాటికి గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగించాడు. ఆ చలికాలమంతా పొయ్యిలోకి కట్టెలు కొనే పని తప్పిందని సంబరపడ్డాడు కూడా.

హుల్డా ఒక్కతే పీకలేదు. మొగుడు పోయిన మనిషి, చిన్న తోట, మొండి తల. ఆ చలికాలం ఆవిడ పొయ్యి పక్కన కూచుని ముతక నూలు టోపీల మీద గోధుమరంగు దారంతో ఒకే బొమ్మ కుట్టింది: తలకిందులైన ద్రాక్ష మొదలు. వేళ్ళు ఆకాశంలో, కొమ్మలు నేల కింద. తోట పీకిన ప్రతి ఇంటి గేటుకీ ఒకటి తగిలించి వచ్చింది. కొందరు కాల్చారు, కొందరు పాతిపెట్టారు, ఒకాయన కుక్క పడుకోవడానికి పరిచాడు. ఎర్విన్ మాత్రం కొలత సరిపోయిందని పెట్టుకున్నాడు.

"మా అక్క తిట్టిన తిట్టు నేను ఉతకను" అంది ఎల్సా. అతనే ఉతుక్కున్నాడు, ఎక్కువ సబ్బు పట్టకుండా.

తోట పోయాక బార్లీ వేశాడు, బడి బస్సు నడిపాడు, మోకాళ్ళు అరగ్గొట్టుకున్నాడు. అతనికి మిగిలిన దిగులల్లా ఒకటే. కోతల పండగనాడు ఊరేగింపులో మొదటి గుర్రబ్బండి ఊళ్ళోకెల్లా పాత తోట ఉన్న ఇంటిది. తాత ఎక్కాడు, నాన్న ఎక్కాడు. ఎర్విన్ మాత్రం తోటతోపాటు బండి మీది ఆ పీటనీ పీకేసుకున్నాడు. న్యాయంగా అది హుల్డాది కావాలి. "నాకు కోతలున్నాయి, ఊరేగే తీరికెక్కడిది?" అని ఆవిడ ఏనాడూ ఎక్కలేదు. ఖాళీ పీటతో బండి ముందు సాగిపోతుంటే, దారిపక్కన మడత కుర్చీలో కూచుని ప్రతి ఏడూ చూసేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు రొట్టెల దుకాణంలో నిన్నటి రొట్టె సగం ధరకి బేరమాడుతుండగా ప్రూ కంటబడ్డాడు. అడిలైడ్‌లో ఉద్యోగం చాలించి, ఇక్కడ ఇల్లు కొనుక్కుని, ఏడాది తిరక్కుండానే ఊరి వారసత్వ సంఘానికి అధ్యక్షురాలైన ఆవిడ ప్రూ. ఊరికి లేనిపోని వయసు తెచ్చిపెట్టడం ఆవిడకి సరదా.

"ఎర్విన్ గారూ, ఆ టోపీ! ఆ పాత చెట్టు బొమ్మ! ఎక్కడిదండీ?"

నిజం చెబితే చాలా చెప్పాల్సి వస్తుంది. మాటల్లో కూడా పొదుపరి కనక చిన్న అబద్ధంతో సరిపెట్టాడు.

"మా ముత్తాతదమ్మా. ఓడలో వచ్చింది."

ప్రూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెల తిరక్కుండా సందర్శకుల కేంద్రంలో టోపీలు గుట్టపడ్డాయి. అదే గోధుమరంగు దారం, అదే తలకిందుల మొదలు, కింద 'నోయ్‌తాల్, 1847 నుంచి' అని కుట్టు. అంచులు చిరిగినట్టు, ఎండకి వెలిసినట్టు, చెమటకి మాసినట్టు అన్నీ ఫ్యాక్టరీలోనే చేసి పంపారు. ఎర్విన్ ముప్ఫై ఏళ్ళు పడ్డ కష్టం అక్కడో యంత్రం ఒక పూటలో పడేసింది.

ప్రూ ఆ వేళ్ళని కొమ్మలనుకుంది గాని, మొదలు తలకిందులుగా ఉందని ఊళ్ళో పాతవాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పితే, నీకెలా తెలుసు, నీ గేటుకీ వేలాడిందా అంటారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అందరికంటే ముందు కొని నెత్తిన పెట్టుకున్నది తోటలు పీకినవాళ్ళే.

ప్రూ మరో కబురు తెచ్చింది. ఈసారి పండగకి మొదటి బండి మీద, ముత్తాత టోపీతో, ఎర్విన్ కూచోవాలి.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. బండి దారిలో హుల్డా తోట దగ్గర ఆగాలి. ఊళ్ళోకెల్లా పాత తీగ నుంచి మొదటి గుత్తి కోసి, బండి మీది మనిషికి అందివ్వడం ఆచారం. అంటే అందరి ముందూ, ప్రూ చేతిలో మైకు ఉండగా, ఆ టోపీ కుట్టిన చెయ్యే అతనికి గుత్తి అందివ్వాలి.

మర్నాడు పొగబెట్టిన సాసేజ్ ముక్క ఒకటి కాగితంలో చుట్టుకుని హుల్డా ఇంటికెళ్ళాడు. ఆవిడ విప్పి చూసింది.

"రెండో సగం ఏదీ?"

"ఎల్సాకి ఉంచాను వదినా."

"మరి దాన్నే పంపకపోయావా, కబుర్లయినా బావుండేవి. ఏంటి సంగతి?"

"బండి ఎక్కుతున్నాను. నువ్వు ఆరోజు నోరు విప్పకు."

"నేనెందుకు విప్పుతాను? చెప్పాల్సింది ఎప్పుడో సూదితో చెప్పాను. నెత్తిన పెట్టుకుని ఊరంతా చూపించావు. ఇంత కష్టపడ్డ టముకువాడిని నేనెక్కడా చూళ్ళేదు మరిదీ."

"నవ్వులాట కాదొదినా. ఆ పీట మా నాన్నది."

హుల్డా సాసేజ్ ముక్క కోసి నోట్లో వేసుకుని, కిటికీలోంచి తోటకేసి చూపించింది.

"అవిగో, అవి ఎక్కడివి? మీ ముత్తాత కొమ్మలే, మా నాన్న అడిగి తెచ్చి నాటాడు. పీట పోయిందని ఏడుస్తున్నావు. వాటికోసం ఒక్కనాడైనా ఏడ్చావా?"

ఎర్విన్ టోపీ సర్దుకున్నాడు.

"చెప్పవు కదా?"

"చెప్పన్లే. ఫో."

పండగనాడు వాద్యాలు మోగాయి, గుర్రాలు పేడ వేశాయి, ఎర్విన్ తాత కూచున్న పీట మీద నిటారుగా కూచున్నాడు. దారికి రెండు పక్కలా టోపీలే. బండి హుల్డా తోట ముందు ఆగింది. ఆవిడ చేలోంచి గుత్తి పట్టుకుని వచ్చింది. చిన్న పళ్ళు, నల్లగా, దుమ్ము కూడా తుడవలేదు. ఎర్విన్ ఆవిడ నోటికేసే చూస్తున్నాడు.

"చేతులు మాసిపోతాయి. టోపీ తీసి పట్టు" అంది ఆవిడ.

అంతేనా అనుకున్నాడు. బతుకుజీవుడా అని టోపీ తీసి, తిరగేసి పట్టాడు. గుత్తి అందులో పడింది.

"అబ్బ, ఎంత బావుందో!" ప్రూ మైకులో అరిచింది. "పాతకాలపు ఆచారం! అందరూ టోపీలు తీసి పట్టండి!"

పట్నం జనం ముందు పట్టారు. ఊరి ముసలివాళ్ళు తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుని, పట్టకపోతే బావుండదని వాళ్ళూ పట్టారు. దారి పొడుగునా చాపిన చేతులు, ఖాళీ టోపీలు.

హుల్డా ఆ వరసని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. మాట తప్పలేదు. ఎర్విన్‌కి తప్ప ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"పరిహారం కోసం ఆ ఏడూ ఇలాగే పట్టారు. నీ చేతిలోకి చూసుకో. ఇప్పుడు మొక్క నిలబడింది."

చూశాడు. తిరగేసిన టోపీ మీద వేళ్ళు కిందికి, కొమ్మలు పైకి. తలెత్తి చూశాడు. ప్రతి చేతిలోనూ అంతే.

"అడుక్కుంటే గాని నిలబడని మొక్క, నాయనా, మీది" అని హుల్డా కొడవలి తీసుకుని కోతల్లోకి వెళ్ళిపోయింది.

బండి కదిలింది. టోపీ పెట్టుకుందామంటే లోపల పళ్ళు. పళ్ళు పారేద్దామంటే చెయ్యి రాలేదు. ఎర్విన్ బట్టతల ఎండకి మాడుతుండగా ఒక్కో పండూ నోట్లో వేసుకున్నాడు. చిన్నప్పుడు నాన్న వెనకాల నడుస్తూ దొంగతనంగా తుంపి తిన్న తమ తోట రుచే అది, ఇసుమంత తేడా లేదు. జనం చప్పట్లు కొడుతున్నారు. అతను ఎవరికీ చెయ్యి ఊపలేదు.

చర్చి దగ్గర దిగేసరికి టోపీలో కాడ ఒక్కటే మిగిలింది. రసం కారి కుట్టంతా నల్లబడింది. ఎల్సా ఎదురొచ్చి చూసింది.

"దీన్ని నేను ఉతకను" అంది.

"ఉతకొద్దులే" అన్నాడు ఎర్విన్. కాడని జేబులో వేసుకున్నాడు.