ఒక నోటీసు కోసం కుప్పం దాకా

గురువారం ఉదయం ఆరున్నరకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు ఎక్కాను. ఈ ప్రయాణానికి కారణం అంతకు రెండు రోజుల ముందు వచ్చిన ఒక ఫోను. అది నాకు కాదు, మా చెల్లెలు భారతి నంబరుకు వచ్చింది; ఆ సిమ్ము ఇప్పుడు నా ఫోనులో ఉంది. చేసింది శైలజ, భారతి తోడు వెళ్లి కుప్పం కాలేజీలో చేర్పించిన అమ్మాయి; ఇప్పుడు బి.ఏ. రెండో సంవత్సరం. ఆమెకు చూపు లేదు. ఫోను పైకి చదివితే వింటుంది. భారతికీ చూపు లేదు. అలాంటి విద్యార్థులు వాడుకోగలిగేలా కాలేజీల వెబ్‌సైట్లనూ పాఠాలనూ సిద్ధం చేయించడం మా ఇద్దరి పని. ఆమె విని తప్పులు పట్టేది, నేను దిద్దేవాణ్ణి.

"మేడమ్ లేదా సార్?" అంది శైలజ.

చనిపోయి ఏడు నెలలయిందని చెప్పాను. "అయితే మీరన్నా వస్తారా?" అంది.

ఆమె ఇంటర్నల్ పరీక్ష మధ్యాహ్నం నుంచి ఉదయానికి మారింది. ముందు రోజు సాయంత్రం వెబ్‌సైట్లో నోటీసు పెట్టారు. దాన్ని ఆమె ఫోను చదవలేకపోయింది. రామకుప్పం పక్కనున్న తన ఊరి నుంచి ఎప్పటి బస్సుకే వచ్చింది. అప్పటికి పరీక్ష అయిపోయింది. మార్కులు పంపడానికి శుక్రవారం ఆఖరు. ఆలోపు మళ్లీ పెట్టకపోతే ఆ పేపరు పోయినట్టే.

ఆడవాళ్లకు టికెట్టు లేదు గనుక బస్సు నిండుగా ఉంది. సగం దూరం నిలబడ్డాను. వక్కాకు నములుతున్న ఒక పెద్దామె జరిగి చోటిచ్చింది. "మాకు టికెట్టే ఫ్రీ, సీటు గాదులేప్పా. కూసో, దుడ్డు ఇచ్చినోడివి నువ్వొకడివే" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

పుంగనూరులో ఇడ్లీ తిని, తొమ్మిదింటికి అక్కడి కాలేజీకి వెళ్లాను. అక్కడికి వస్తామని భారతి బతికుండగా ఒప్పుకుంది. లెక్చరరు తన పాఠాలు చూపించాడు. అన్నీ చేత్తో రాసి ఫోనుతో తీసిన ఫొటోలు.

"సూపు లేనోళ్లు మా కాడ ఎవురూ లేరు సార్. వచ్చినప్పుడు సూసుకుందాం."

"వచ్చాక మొదలుపెడితే వాళ్లకు ఆ ఏడాది పోతుంది" అన్నాను. ఈ మాట చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది. భారతి అయితే వాదించేది కాదు. తన ఫోను బల్ల మీద పెట్టి, అందులో ఇలాంటి ఫొటోలు తెరిచి వాటి మీద వేలు జరిపేది. అది ఏమీ చదవకపోవడం వాళ్లే వినేవారు. ఆ ఫోను ఇంట్లో బీరువాలో ఉంది. చేయవలసినవి రాసిన కాగితం ఇచ్చి లేచాను.

పలమనేరులో బస్సు మారాలి. ఈ దారిన వెళ్లేవాళ్లు అక్కడే ఏదైనా తినడం మంచిది. నేను తినలేదు. బైరెడ్డిపల్లె, వి.కోట దాటి కుప్పం చేరేసరికి ఒంటిగంట.

ప్రిన్సిపాల్ గది బయట శైలజ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరం లోపలికి వెళ్లాం.

"నోటీసు పెట్టుండాము కదా సార్, సంతకంతో సహా" అన్నాడు ప్రిన్సిపాల్. "అందరూ సూసినారు."

"అందరూ సూసినారు సార్. నేను ఇనాల గదా" అంది శైలజ.

ఆమె ఫోనులో ఆ నోటీసు తెరిచింది. ఫోను 'ఇమేజ్' అని ఊరుకుంది. గుమాస్తా మునెప్పను పిలిపించి నోటీసు ఎలా తయారుచేస్తాడని అడిగాను.

"టైపు కొడ్తాను, ప్రింటు తీస్తాను. సార్ సంతకం, రౌండు సీలు. ఆమీట స్కాను సేసి ఎక్కిస్తాను."

"టైపు చేసింది ఉందా?"

"ఆడే ఉండాది సార్. సీలు లేంది, దాంతో యేం పని?"

దాన్ని శైలజకు పంపమన్నాను. ఆమె ఫోను మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది.

"ఇది ఆ పొద్దే వచ్చింటే?" అన్నాడు ప్రిన్సిపాల్.

"తెల్లార్తోనే బస్సెక్కుందును సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సూస్తాం. సెప్పి పంపిస్తాంలే."

సరేనని బయటికి వచ్చాను. రెండున్నరకు బస్సుంది. గేటు దాకా శైలజ వెంట వచ్చింది.

"మేడమ్ అయితే ఒప్పుకునే దాకా కుర్సీ లోంచి లేసేది కాదు సార్" అంది.

నిజమే. ఆ బస్సు వదిలేసి లోపలికి వెళ్లి అదే కుర్చీలో కూర్చున్నాను. ప్రిన్సిపాల్ రెండుసార్లు తలెత్తి చూశాడు. మూడింటికి, "రేప్పొద్దున పదింటికి పెడతాం. పోయి బువ్వ తినండి సార్" అన్నాడు.

మూడున్నర బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వి.కోట దాటాక శైలజ నుంచి కొత్త నోటీసు వచ్చింది, ఈసారి స్కాను కాదు, టైపు చేసిందే. కళ్లు మూసుకుని ఫోనుతోనే చదివించుకున్నాను. శుక్రవారం ఉదయం పది గంటలకు పునఃపరీక్ష. అది చదివాక గొంతు ఆగలేదు. "ప్రిన్సిపాల్ గారి సంతకం ఉన్నది. రౌండు సీలు ఉన్నది. ఇట్లు మునెప్ప" అంది.

భారతి ఉంటే పగలబడి నవ్వేది. నేను ఇంకోసారి విన్నాను.

ఆరున్నరకు బస్సు పుంగనూరులో ఆగింది. రోజంతా తిరిగితే తేలింది ఒక నోటీసు, ఒక పేపరు. పొద్దున నేను కాగితం ఇచ్చి లేచివచ్చిన కాలేజీ ఈ ఊళ్లోనే ఉంది. సోమవారం మళ్లీ రావాలి. వచ్చేటప్పుడు బీరువాలోంచి ఆ ఫోను తీసి, చార్జింగు పెట్టి తెచ్చుకోవాలి.